రంగులమ్మే మనిషి ఫొటోలో రంగేది?

మీ ఫోన్ గ్యాలరీలో చార్మినార్ ఫొటోలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లయితే ఓ పది పక్కా. చుట్టపుచూపుగా వచ్చి వెళ్లినవాళ్లయినా నాలుగైదు ఉంటాయి. అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మధ్యలో మినార్లు, కింద జనం, పైన తెల్లగా వెలిసిపోయిన ఆకాశం. స్టేటస్‌లో పెడితే ‘సూపర్’, ‘కేక’, ‘ఏ ఫోన్ బ్రో?’ అని రిప్లైలు వస్తాయి. అంతటితో ఆ ఫొటో కథ ముగుస్తుంది.

ఫొటో నిజంగా బాగుందా, ఎక్కడ తేలిపోయింది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఫ్రెండ్స్‌కి మొహమాటం. ఇంట్లోవాళ్లకి ప్రేమ. ముక్కూమొహం తెలియనివాళ్లకి ఓపిక ఉండదు. మరి నేర్చుకునేదెలా?

మాకు దొరికిన దారి పాతబస్తీలో ఓ ఇరానీ హోటల్ టేబుల్. మేం నలుగురం. బ్యాంకులో పనిచేసే అన్న ఒకరు. ఆయన దగ్గర పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. సర్కారు బడిలో లెక్కలు చెప్పే టీచరక్క, డిగ్రీ చదివే తమ్ముడు, నేను... మా ముగ్గురివీ ఫోన్లే. మాలో ఎవరికీ ఫొటోగ్రఫీ వృత్తి కాదు. నెలలో ఒక ఆదివారం తెల్లారకముందే నయాపూల్ దాటి, మదీనా సర్కిల్ మీదుగా పత్తర్‌గట్టీ చేరతాం. రెండు గంటలు ఎవరి దారిన వాళ్లు తిరుగుతాం. ఆ తర్వాత చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, పోయిన నెల ఫొటోల మీద పంచాయితీ.

సూర్యుడెటు, మనమెటు?

చార్మినార్ కట్టింది 1591లో. దాని నాలుగు కమానులు సరిగ్గా నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి. ఈ సంగతి బడి పుస్తకంలో చదివే ఉంటారు. ఫొటోలు తీసేవాళ్లకు ఇది పనికొచ్చే సమాచారం అని నాకు తట్టింది మాత్రం బ్యాంకన్న మాటతోనే.

చాలామంది ఫొటో తీసేది గుల్జార్ హౌజ్ వైపు నుంచి. అంటే మనం ఉత్తరాన నిలబడి దక్షిణానికి చూస్తున్నాం. డిసెంబర్‌లో సూర్యుడు ఆగ్నేయం నుంచి లేస్తాడు. కాబట్టి మనకు కనిపించే వైపు నీడలో ఉంటుంది, వెలుగు కట్టడం వెనక నుంచి వస్తుంది. అదే మే, జూన్ నెలల్లో ఈశాన్యం నుంచి లేస్తాడు. పొద్దున్నే కాసేపు ఆ ఉత్తరపు గోడ మీద ఏటవాలుగా ఎండ పడుతుంది. గచ్చులో చెక్కిన పూలు, లతలు ఒక్కొక్కటిగా పైకి తేలతాయి. అదే చోటు, అదే ఫోను, వేరే నెల. మొత్తం ఫొటోనే మారిపోతుంది.

డిసెంబర్‌లో వెళ్తే దండగ అనుకోకండి. వెనక నుంచి వచ్చే వెలుగులో మినార్లు నల్లటి నీడబొమ్మల్లా నిలబడతాయి. కింద టిఫిన్ బండ్ల పొగ బంగారంలా మెరుస్తుంది. అప్పుడు స్క్రీన్ మీద వెలుగున్న చోట వేలు కాసేపు నొక్కిపట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపాలి. ఆకాశం రంగు తిరిగొస్తుంది. మన ఫోన్లలో హెచ్‌డీఆర్ అన్ని నీడల్నీ లేపేసి పగలూ రాత్రీ ఒకటి చేయాలని చూస్తుంది. దాన్ని కాస్త ఆపడమే మన పని.

ఇంకో మాట. దగ్గర నిలబడి 0.5 నొక్కితే మినార్లు వెనక్కి పడిపోతున్నట్టు వంగుతాయి. నాలుగు అడుగులు కాదు, నలభై అడుగులు వెనక్కి నడవండి. మామూలు 1ఎక్స్‌లో, ఫోన్ నిటారుగా పట్టుకుని తీయండి. మినార్లు మినార్లలాగే నిలబడతాయి.

టేబుల్ మీద మూడు ప్రశ్నలు

మా టేబుల్‌కి కొన్ని రూల్స్ ఉన్నాయి. ఫొటోలు ఫోన్‌లో చూపించకూడదు, ప్రింట్ తీసి తేవాలి. చిన్న సైజు ప్రింట్ ఇరానీ చాయ్ కంటే చవకే. ఫోన్‌లో అయితే వేలు పక్కకి జరిగిపోతుంది, మెరుపు స్క్రీన్ మీద ఏదైనా బాగానే కనిపిస్తుంది. కాగితం మీద ఫొటోకి దాక్కునే చోటు ఉండదు. మనిషికి మూడే ప్రింట్లు. వంద తీసిన వాడు తొంభై ఏడు పక్కన పెట్టి రావాలి. సగం చదువు ఆ పక్కన పెట్టడంలోనే అయిపోతుంది.

అసలు రూల్ ఇంకొకటుంది. ఎవరి ఫొటో అయితే వాళ్లు మాట్లాడకూడదు. మిగతా ముగ్గురూ చెప్పడం అయ్యేదాకా నోరు కట్టేసుకోవాలి. ‘అదేంటంటే, ఆ టైమ్‌లో ఓ ఆటో అడ్డొచ్చింది’ లాంటి మాటలు చెల్లవు. చూసేవాడికి ఆటో కథ తెలియదు. వాడికి తెలిసిందల్లా నాలుగు అంచుల మధ్య ఉన్నదే.

చూసేవాళ్లు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కన్ను మొదట ఎక్కడికి పోయింది? దీంట్లో ఏది తీసేసినా లోటు ఉండదు? ఈ ఫొటో నీకేం చెప్పింది? బాగుంది, బాగాలేదు అనే మాటలు నిషేధం. ‘బాగుంది’ అంటే నేర్చుకోవడానికి ఏమీ లేదు. ‘బాగాలేదు’ అన్నా అంతే.

ఒకసారి బ్యాంకన్న మక్కా మసీదు ముందు పావురాలు గుంపుగా లేచిన ఫొటో తెచ్చారు. ఫోకస్, వెలుగు అన్నీ కుదిరాయి. అక్క అది చూసి ఒక్కటే అంది. ‘‘అన్నా, ఈ ఫొటో నేను చాలాసార్లు చూసిన. మీరు తీసింది చూడలే.’’ ఆయన నవ్వేశారు గానీ తర్వాతి నెల పావురాల జోలికి పోలేదు. గింజలమ్మే ఆమె పళ్లెం మీద నీడలు తీసుకొచ్చారు. ఇత్తడి పళ్లెంలో జొన్నలు, వాటి మీద ఎగిరే రెక్కల నీడలు. పావురం ఒక్కటీ లేదు. అయినా ఆ ఆవరణలో నిలబడినట్టే అనిపించింది.

ఫొటోకి పాత ఊరే

ఫొటో అనేది హైదరాబాద్‌కి నిన్నా మొన్నా వచ్చిన సరదా కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన లాలా దీన్‌దయాళ్ (1844-1905) స్టూడియో సికింద్రాబాద్‌లో ఉండేది. ఆయనకు ‘రాజా’ బిరుదు ఇచ్చింది ఆ నిజామే. ఆయన తీసిన గాజు పలకల నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 2006లో ఆయన పేర తపాలా బిళ్ల కూడా వచ్చింది.

ఆ రోజుల్లో ఒక్కో ఫొటోకి ఒక్కో గాజు పలక. పెద్ద కెమెరా, దాన్ని నిలబెట్టే కాళ్లు, పలకల పెట్టె మోసుకుని పోవాలి. నొక్కేముందు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి అని లెక్క చూసుకోక తప్పదు. మనకు నలభై క్లిక్కులు ఫ్రీ. అందుకే ఆ లెక్క క్లిక్ తర్వాత వేసుకోవాల్సి వస్తోంది. మా మూడు ప్రింట్ల రూల్ అందుకే.

దీన్‌దయాళ్ గురించి టీచరక్కకు ఇష్టమైన విషయం వేరు. ఆయన 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచారు. పరదా పాటించే స్త్రీలు నిశ్చింతగా రావచ్చు, లోపల ఫొటో తీసేదీ ఆడమనిషే. ‘‘ఎదుటి మనిషికి ఇబ్బంది లేకుండా ఫొటో ఎట్ల తీయాలని 1892లనే ఆలోచించిన్రు. మనం ఇప్పుడు జూమ్ చేసి, అడగకుండనే తీసేస్తున్నం’’ అంటుంది అక్క. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడే అమ్మాయిల మొహాలు అడగకుండా ఎవరైనా తీసుకొస్తే ఆ ప్రింట్ బోర్లా తిప్పి పెడుతుంది. అంచులూ, వెలుగూ తర్వాతి మాట.

అది నీకు తెలుసు, ఫొటోకి తెలీదు

అసలు కథ తమ్ముడిది. చార్మినార్ నుంచి పడమరకు వెళ్లే వీధి లాడ్ బజార్. లక్క గాజులకు పేరు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. షాపుల అద్దాల్లో మెరిసే ఆ గాజులు చాలావరకు తయారయ్యేది పాతబస్తీ గల్లీల్లోని చిన్న చిన్న గదుల్లో. అలాంటి ఒక గదిలో ఓ పెద్దాయన పనిచేస్తుండగా తమ్ముడు ఫొటో తీశాడు. మొహం దగ్గరగా, ముడతలు, కనుబొమల మీద చెమట. దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి ఇన్‌స్టాలో పెట్టాడు. వాడికి ఎప్పుడూ రానన్ని లైకులు వచ్చాయి. ‘బతుకు బరువు’ లాంటి కామెంట్లు కూడా.

ఆ ఆదివారం అదే ప్రింట్ టేబుల్ మీద పెట్టాడు. వాడి కళ్లలో ధీమా కనిపిస్తోంది. బ్యాంకన్న వెలుగు మెచ్చుకున్నారు. కన్ను నేరుగా కళ్ల దగ్గరికే పోతోందన్నాను నేను. అక్క మాత్రం చాలాసేపు చూసి మా ఇద్దర్నీ అడిగింది. ‘‘ఈయన ఏం పని చేస్తడో ఈ ఫొటో చూసి చెప్పండి.’’

‘‘చాయ్ బండి కావచ్చు’’ అన్నారు బ్యాంకన్న. కమ్మరి పనేమో అన్నాను నేను.

తమ్ముడు ఆగలేకపోయాడు. ‘‘గాజులు చేస్తడన్నా! లక్క గాజులు!’’

‘‘అది నీకు తెలుసు. ఫొటోకి తెలీదు’’ అంది అక్క. అంతటితో ఆపలేదు. ‘‘నాకు దీంట్ల జాలి కనవడ్తాంది. ఆయన జాలి పడమన్నడా నిన్ను? పెట్టేముందు అడిగినవా?’’

తమ్ముడి మొహం మాడిపోయింది. చాయ్ సగంలో వదిలేసి, ట్యూషన్ ఉందని చెప్పి లేచిపోయాడు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఏం ట్యూషన్? వాడు వెళ్లాక బ్యాంకన్న అక్క మీద విసుక్కున్నారు. ‘‘పిల్లగాడు. జర మెల్లగ చెప్పాల్సింది.’’ అక్క కప్పు వంక చూస్తూ అంది. ‘‘మంచిగుందని చెప్తే నాకేం పోతదన్నా? వాడు ఇట్లాంటివే ఇంకో వంద తీస్తడు.’’ వాడు ఇక రాడేమోనని ముగ్గురికీ గుబులే. కెమెరా మాట అటుంచి, టేబుల్ దగ్గర అందరికంటే ఎక్కువ నవ్వేది వాడే.

నాలుగో రోజు సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. ‘‘అన్నా, లాడ్ బజార్ దాకా వస్తవా? చాచానే అడుగుదాం. అక్క చెప్పింది తప్పని ఆయనే అంటడు.’’ కోపం ఇంకా ఉంది, కానీ ప్రింట్ జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు.

గల్లీలో మెట్లు దిగితే ఆ గది. బొగ్గుల పొయ్యి, దాని మీద ఇనుప రేకు, పక్కన ఎరుపు, పచ్చ, గులాబీ రంగుల లక్క ముద్దలు. చాచా ప్రింట్ అందుకుని లైటు కింద పెట్టి చూశారు. తమ్ముడు ఊపిరి బిగబట్టాడు. ఆయన తల ఎత్తి అడిగింది ఒక్కటే మాట.

‘‘రంగ్ కిధర్ గయా బేటా?’’

రంగులమ్ముకుని బతికే మనిషి. ఆయన చేతిలో పుట్టే రంగు ఒక్కటీ ఆ ఫొటోలో లేదు. ఆర్ట్ అని తమ్ముడు ఏదో చెప్పబోయాడు. చాచా వినిపించుకోలేదు. ‘‘నాకేమైంది, ఇట్ల ఏడుపు మొహంతో ఉన్న? ఆ రోజు పెళ్లి ఆర్డర్ ఉండె, ఖుషీగ పనిచేస్తున్న’’ అన్నారు తెలుగూ ఉర్దూ కలిపి. తర్వాత ఆయనే పొయ్యి దగ్గరికి జరిగి కూర్చోమన్నారు.

అప్పుడు మొదలైంది పాఠం. లక్క వేడికి మెత్తబడుతుంది. దాన్ని తాడులా సాగదీసి, గుండ్రంగా వంచి, కొలత చూసి అంటిస్తారు. గాజు వేడి మీద ఉండగానే మెరుపు రాళ్లు ఒక్కొక్కటీ చేత్తో అద్దాలి. చల్లారితే రాయి దిగదు. మళ్లీ వేడి చూపించాలి, ఎక్కువైతే గాజు వంకర పోతుంది. ‘‘నా పని మొత్తం ఆ కాసేపట్లనే ఉంటది. నువ్వు తీసిన టైమ్‌ల నేను ఖాళీగ కూసున్న’’ అని నవ్వారు చాచా. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టేశాడు. దాదాపు గంటసేపు వట్టిగా చూస్తూ కూర్చున్నాడు. పాత ఫొటోని అకౌంట్‌లోంచి అక్కడే తీసేశాడు. చాచా అడగలేదు, వాడే తీసేశాడు.

తర్వాతి నెల వాడు తెచ్చింది మూడు ప్రింట్లు కాదు, ఒక్కటే. పైనుంచి తీశాడు. ఫ్రేమ్ నిండా రెండు చేతులు, మధ్యలో ఎర్రగా మెరుస్తున్న గాజు, వేలి కొస మీద దిగబోతున్న ఒక్క రాయి. మొహం పై అంచున సగమే ఉంది. కళ్లు మన వైపు కాదు, గాజు వైపు.

రూల్ ప్రకారం వాడు మాట్లాడలేదు. బ్యాంకన్న, ‘‘కన్ను ఆ రాయి మీదికే పోతుంది. ఇంకా వేడి తగ్గలే గాజుకు’’ అన్నారు. తీసేయాల్సింది ఏమీ కనిపించలేదన్నాను నేను. అక్క ప్రింట్ దగ్గరగా తీసుకుంది. ‘‘వేళ్ల మీద కాలిన మచ్చలున్నయి’’ అంది మెల్లగా. ‘‘కానీ జాలి లేదు.’’ తమ్ముడు చాయ్ రెండోది చెప్పాడు.

ఆ ఫొటోకి ఇన్‌స్టాలో వచ్చిన లైకులు మొదటిదానిలో నాలుగో వంతు కూడా లేవు. అయితే ఈసారి అడిగే పెట్టాడు. పెద్ద సైజు ప్రింట్ తీసి ఇస్తే చాచా దాన్ని క్యాలెండర్ పక్కన మేకుకి తగిలించారు. పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ మాత్రం తిరిగిచ్చేశారు. ‘‘యే తూ రఖ్ లే’’ అని.

ఒప్పుకోని మాటలూ ఉంటాయి

ఇదంతా చదివి, నలుగురు చెప్పిందల్లా వినాలని అనుకోకండి. నేను ఒకసారి పత్తర్‌గట్టీ రాతి కమానులు తీశాను. తెల్లవారు నీలి వెలుగు, మూసిన షట్టర్లు, పైన గజిబిజిగా కరెంటు తీగలు. ఫోన్‌లో ఏఐ ఎరేజర్‌తో తీగలు చెరిపేస్తే ఫొటో నీట్‌గా ఉంటుందన్నారు బ్యాంకన్న. తమ్ముడూ అదే మాట. రెండు రకాలుగా ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టాను. తీగలు లేని వీధి అందంగా ఉంది, కానీ అది ఏ ఊరి వీధైనా కావచ్చు. తీగలున్న వీధి మాత్రం పత్తర్‌గట్టీయే. నేను తీగలే ఉంచుకున్నాను. బ్యాంకన్న ఇప్పటికీ ఒప్పుకోరు. ఆయన మాట వల్ల నాకు తెలిసిందేమిటంటే, ఆ ఫొటోలో నేను తీసింది కమానుల్ని కాదు, వాటి మీద పేరుకున్న ఇన్నేళ్ల కాలాన్ని. ఆయన అడ్డం తిరగకపోతే నాకది తట్టేదే కాదు.

మీ ఊళ్లో మీ టేబుల్

దీనికి చార్మినారే అక్కర్లేదు. విజయవాడ అయితే ప్రకాశం బ్యారేజీ, వరంగల్ అయితే వేయి స్తంభాల గుడి, వైజాగ్ అయితే ఫిషింగ్ హార్బర్. ఏదో ఒక్క చోటు పట్టుకోండి. నెలకోసారి మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లండి. కొత్త చోట్ల వెంట పరిగెడితే చోటు మారుతుంది, మన చూపు మారదు.

మనుషుల్ని మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. నలుగురు చాలు. అందరూ ఒకే వయసు, ఒకే ఉద్యోగం అయితే అందరికీ ఒకటే కనిపిస్తుంది. లెక్కల టీచరుకి కనిపించేది బ్యాంకు ఆయనకు కనిపించదు. చెప్పేవాళ్లు కూడా తమ ఫొటో టేబుల్ మీద పెట్టి తీరాలి. వట్టి చేతులతో వచ్చి వంకలు పెట్టేవాళ్లకు చాయ్ కూడా ఇప్పించకండి.

వీలైతే ఫొటోలో ఉన్న మనిషికి ఆ ప్రింట్ చూపించండి. మా నలుగురిలో ఎవరికీ తట్టని ప్రశ్న చాచాకే తట్టింది.

వచ్చే నెల మేం చార్మినార్ వదిలి మూసీ ఒడ్డుకు వెళ్తున్నాం. అక్కడ వాసన ఎలా ఉంటుందో ఫొటోలో చూపించగలరా అని అక్క ముందే పందెం కట్టింది. తమ్ముడు రెండుసార్లు వెళ్లి చూసొచ్చాడట, ఫోన్ బయటికి తీయకుండానే.